ఎవరూ దాచని కాగితాలు దాచిన ఇల్లు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్‌కు పడమరగా సుమారు 65 కిలోమీటర్ల దూరంలో వూస్టర్ నగరం ఉంది. అక్కడ సాలిస్‌బరీ వీధిలో గుమ్మటం ఉన్న ఎర్ర ఇటుకల భవనమే అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ. 1812లో మొదలైన పరిశోధన గ్రంథాలయం. ఆ దేశపు గడ్డ మీద అచ్చుయంత్రం పని మొదలుపెట్టిన రోజుల నుంచి పందొమ్మిదో శతాబ్దం దాకా అచ్చయిన పుస్తకం, పత్రిక, కరపత్రం, పాటల కాగితం, పిల్లల బొమ్మల పుస్తకం... ఏది దొరికినా దాచడమే దాని పని. దేశాధ్యక్షుల ఉత్తరాలు దాచడానికి చాలా సంస్థలు ముందుకొస్తాయి. చదివి పారేసే కాగితాన్ని దాచాలన్న బుద్ధి మాత్రం ఎక్కడో ఒకరికే పుడుతుంది. ఈ గ్రంథాలయం మీద నాకున్న గౌరవమంతా అందుకే. అక్కడి అరల్లోంచి, వాటి వెనకున్న మనుషుల కథల్లోంచి కొన్ని విశేషాలు ఇవి.

బల్లెక్కి అక్షరాలు పేర్చిన పిల్లవాడు

ఈ గ్రంథాలయాన్ని స్థాపించిన ఐజయా థామస్ పండితుడు కాడు, ప్రభువు కాడు. అచ్చాఫీసు పనివాడు. 1749లో బోస్టన్‌లో పేద ఇంట్లో పుట్టాడు. తండ్రి పోయాడు. ఆరేడేళ్ల వయసులోనే జకరయా ఫౌల్ అనే ముద్రాపకుడి దగ్గర పనికి కుదిర్చారు. ఇరవయ్యొక్కేళ్లు వచ్చేదాకా ఆయన దగ్గరే ఉండాలని ఒప్పందం. అక్షరాల అర అందక బల్ల మీద నిలబడి టైపు పేర్చేవాడు. బడి చదువు దాదాపు లేనట్టే. అక్షరాలు నేర్చుకున్నది కూడా ఆ సీసపు ముక్కల మీదే.

కుర్రతనంలో తాను పని నేర్చుకున్న ఆ చెక్క అచ్చుయంత్రాన్ని తర్వాత తనే సొంతం చేసుకున్నాడు. లండన్‌లో తయారై వచ్చిన ఆ యంత్రం ఇప్పటికీ వూస్టర్ గ్రంథాలయంలో ఉంది. దాన్ని ‘ఓల్డ్ నంబర్ వన్’ అని పిలుస్తారు.

రాత్రికి రాత్రి నది దాటిన అచ్చాఫీసు

థామస్ 1770లో ‘మసాచుసెట్స్ స్పై’ అనే పత్రిక మొదలుపెట్టాడు. మొదట్లో రెండు పక్షాల వాదనలూ వేసేవాడు. కొద్ది కాలానికే అది బ్రిటిష్ ప్రభుత్వం మీద నిప్పులు చెరిగే పత్రిక అయింది. 1774లో దాని తలకట్టు బొమ్మను పాల్ రివేర్ చెక్కాడు. ముక్కలు ముక్కలైన పాము డ్రాగన్‌ను ఎదిరిస్తున్నట్టు ఉంటుంది. పాము ముక్కలు వలస రాష్ట్రాలు, డ్రాగన్ బ్రిటన్.

1775 ఏప్రిల్ నాటికి బోస్టన్ నిండా బ్రిటిష్ సైనికులే. తనను పట్టుకుంటారని థామస్‌కు అర్థమైంది. 16వ తేదీ రాత్రి, స్నేహితుల సాయంతో అచ్చుయంత్రాన్నీ టైపునూ చార్లెస్ నది దాటించి, బండి మీద వూస్టర్ చేర్చాడు. సరిగ్గా మూడు రోజులకు, 19న, లెక్సింగ్టన్, కాంకర్డ్‌ల దగ్గర తుపాకులు పేలాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. మే 3న ‘స్పై’ వూస్టర్ నుంచి వెలువడి, ఆ పోరు వార్తను లోకానికి చెప్పింది. పత్రిక మళ్లీ బోస్టన్ వెళ్లలేదు. ఆ గ్రంథాలయం వూస్టర్‌లో ఉండటానికి తొలి కారణం ఆ రాత్రి ప్రయాణమే.

రెండో కారణం ఇంకో యుద్ధం. సొసైటీకి ప్రభుత్వం అధికార పత్రం ఇచ్చింది 1812 అక్టోబరు 24న. అప్పటికి బ్రిటన్‌తో మళ్లీ యుద్ధం నడుస్తోంది. సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్ల మీద శత్రు నౌకలు ఎప్పుడు గుండ్లు కురిపిస్తాయో తెలియదు. రేవు పట్టణాల్లో అగ్నిప్రమాదాలూ ఎక్కువే. లోపలి ఊళ్లో అయితే కాగితాలు భద్రంగా ఉంటాయని థామస్ వాదించాడు. తన వేల పుస్తకాలు సొసైటీకి ఇచ్చేశాడు. 1820లో తొలి భవనాన్నీ తనే కట్టించాడు. ఆ దేశంలో అంతకు ముందు పుట్టిన చరిత్ర సంఘాలు రెండే, మసాచుసెట్స్‌లో ఒకటి, న్యూయార్క్‌లో ఒకటి. దేశం మొత్తాన్నీ తన పరిధిగా తీసుకున్న మొదటిది మాత్రం ఇదే.

వీధి పాటలను బైండు చేయించిన పెద్దమనిషి

అప్పట్లో బోస్టన్ వీధుల్లో ఒక్క వైపే అచ్చేసిన పాటల కాగితాలు అమ్మేవాళ్లు. ప్రేమ పాటలు, నావికుల పాటలు, ఉరిశిక్ష పడ్డవాళ్ల కథలు, యుద్ధం గెలుపు మీద కట్టిన పదాలు. కాగితం నాసిరకం, బొమ్మ మొరటు, ధర కొన్ని పైసలు. కొని, నాలుగు రోజులు పాడుకుని, చింపి పొయ్యిలో వేసేవాళ్లు. చదువుకున్నవాళ్లు వాటి వంక చూసేవాళ్లు కారు.

థామస్ మాత్రం 1810ల్లో ఆ పాటలు అచ్చేసే దుకాణంలో ఉన్నవన్నీ కొన్నాడు. మూడు వందలకు పైగా ఉన్నాయి. మూడు సంపుటాలుగా బైండు చేయించి, ఈ కాలంలో సామాన్యులు ఎలాంటి పాటలు పాడుకునేవారో ముందుతరాలకు తెలియాలని కొన్నట్టు రాసిపెట్టాడు. అప్పటికి ఆయన దేశంలోకెల్లా పెద్ద ప్రచురణకర్తల్లో ఒకడు. 1810లోనే అమెరికా ముద్రణ చరిత్రను రెండు సంపుటాల్లో రాశాడు. ఆ పుస్తకం కోసం పాత పత్రికలు వెతుకుతుంటే, ఎంత అచ్చయిందో, అందులో ఎంత కొంచెం మిగిలిందో ఆయనకు కళ్లకు కట్టినట్టు తెలిసొచ్చింది. మామూలు జనం ఏం పాడుకున్నారో, దేనికి నవ్వారో తెలుసుకోవాలనుకునే పరిశోధకులు ఇవాళ ఆ మూడు సంపుటాల దగ్గరికే వెళ్తారు. థామస్ జీవితంలో నది దాటిన రాత్రి గురించే అందరూ చెప్పుకుంటారు. నన్నడిగితే ఆ పాటలు కొన్న రోజు దానికి తక్కువది కాదు.

నూనె కొట్టు మీద రెండు టన్నుల కాగితం

క్రిస్టఫర్ కొలంబస్ బాల్డ్విన్. నిజంగానే ఆయన పేరు అది. 1830ల్లో ఈ గ్రంథాలయానికి గ్రంథపాలకుడు. థామస్ వాల్‌కట్ అనే బోస్టన్ పెద్దాయన జీవితమంతా పోగేసిన కరపత్రాలూ పుస్తకాలూ సొసైటీకి ఇస్తానన్నాడు. 1834 ఆగస్టులో, మండే ఎండల్లో, బాల్డ్విన్ వాటిని తెచ్చుకోవడానికి వెళ్లాడు. అవి ఉన్నది రేవు దగ్గర ఓ నూనె కొట్టు మీద. పాత పెట్టెలు, ట్రంకులు, వాటి మీద ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము. ఒక్కో కాగితం తీసి దులిపి, సర్ది, పెట్టెల్లోకెత్తాడు. అంతా తూకం వేస్తే 4,476 పౌండ్లు వచ్చింది. అంటే రెండు టన్నుల పైమాటే. తొలి అమెరికా కరపత్రాల్లో మరెక్కడా దొరకనివి ఆ దుమ్ములోంచే బయటపడ్డాయి.

ఆయన రాసుకున్న దినచర్య చదివితే మనిషి మీద ఇష్టం పుడుతుంది. కొత్త పుస్తకం దొరికిన రోజు ఆ అక్షరాల్లో ఉత్సాహం ఉరకలు వేస్తుంది. ఆ ఉత్సాహమే మరుసటి ఏడాది ఒహాయోలోని మట్టి దిబ్బలు చూడటానికి ఆయన్ను బయల్దేరదీసింది. 1835 ఆగస్టులో నార్విచ్ అనే ఊరి దగ్గర గుర్రపు బండి బోల్తాపడి చనిపోయాడు. వయసు 35.

చెరిగిపోయిన వలయాలు

బాల్డ్విన్ చూడబోయిన ఆ దిబ్బల మీద సొసైటీకి మొదటి నుంచీ ఆసక్తి ఉండేది. 1820లో అది వేసిన తొలి సంపుటంలోనే కేలబ్ ఆట్‌వాటర్ ఒహాయో మూలవాసులు కట్టిన మట్టి కట్టడాలను కొలిచి, పటాలు గీసి వర్ణించాడు. ఆయన ఊరు సర్కిల్‌విల్. ఒక పురాతన మట్టి వలయం లోపలే ఆ ఊరు కట్టారు, వీధులు కూడా గుండ్రంగా వేశారు. తర్వాతి దశాబ్దాల్లో ఊరివాళ్లే ఆ వలయాన్ని చదును చేసి, వీధులను చతురస్రంగా మార్చేశారు. ఇప్పుడు ఆ కట్టడం ఎలా ఉండేదో తెలియాలంటే ఆట్‌వాటర్ పటాలవంటి కాగితాలే దిక్కు. దాని సాటి కట్టడాలు కొన్ని ఒహాయోలోనే మిగిలి, 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి.

తొలి రోజుల్లో సొసైటీ పురావస్తువులు కూడా పోగేసేది. తర్వాత వాటిని మ్యూజియాలకు అప్పగించి కాగితానికే కట్టుబడింది. మంచి నిర్ణయం.

1,700 అచ్చేస్తే మిగిలినవి 11

ఇప్పటి అమెరికాలో అచ్చయి, నేటికీ ప్రతులు మిగిలిన పుస్తకాల్లో మొట్టమొదటిది 1640 నాటి ‘బే సామ్ బుక్’. బైబిల్ కీర్తనలకు ఇంగ్లీషు పద్యరూపం. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో స్టీఫెన్ డే అచ్చాఫీసులో సుమారు 1,700 ప్రతులు వేశారు. చర్చిలో పాడి పాడి పేజీలు నలిగిపోయాయి. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద తెలిసిన ప్రతులు 11. వాటిలో ఒకటి వూస్టర్‌లో ఉంది. ఇంకో ప్రతి 2013లో న్యూయార్క్ వేలంలో కోటీ నలభై లక్షల డాలర్ల పైచిలుకు పలికింది.

అచ్చు కాగితం కోసం హత్యలు

ఆ కీర్తనల పుస్తకానికి ఏడాది ముందు, 1639లో, అదే అచ్చాఫీసులో ‘పౌరుడి ప్రమాణం’ అనే చిన్న కాగితం అచ్చయినట్టు రికార్డుల్లో ఉంది. ఒక్క ప్రతి కూడా మిగల్లేదు. 1985లో మార్క్ హాఫ్‌మన్ అనే పాత పత్రాల వ్యాపారి ఆ కాగితం తనకు దొరికిందన్నాడు. న్యూయార్క్ పాత పుస్తకాల దుకాణంలో 25 డాలర్లకు కొన్నట్టు రసీదు చూపించాడు. ఆ దుకాణంలో అదే పేరున్న వేరే కాగితాన్ని తనే రహస్యంగా పెట్టి, తనే కొని, రసీదు సంపాదించాడని తర్వాత తేలింది.

కీర్తనల పుస్తకం నకలులోంచి అక్షరాలు తీసుకుని అచ్చు పలక చేయించి, పాత కాగితం మీద, తను తయారు చేసుకున్న సిరాతో ముద్రించాడు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌ను అడిగిన ధర 15 లక్షల డాలర్లు. తర్వాత బేరం యాంటిక్వేరియన్ సొసైటీ దాకా వచ్చింది. ఇంతలో అప్పులవాళ్లు మీద పడ్డారు. తన మోసాలు బయటపడకుండా చూసుకోవడానికి ఆ అక్టోబరులో సాల్ట్ లేక్ సిటీలో బాంబులు పెట్టి ఇద్దరి ప్రాణాలు తీశాడు. మర్నాడు మూడో బాంబు తన కారులోనే పేలి తనూ గాయపడ్డాడు. 1987లో నేరం ఒప్పుకుని యావజ్జీవ శిక్ష అనుభవించడానికి వెళ్లాడు. గ్రంథాలయాల్లో ప్రతి కాగితానికీ అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో ఎందుకు అంత పట్టుదలగా ఆరా తీస్తారో ఈ ఘోరం చదివితే తెలుస్తుంది.

మూగబోయిన భాషకు బైబిలు సాక్ష్యం

అమెరికాలో అచ్చయిన మొదటి పూర్తి బైబిలు ఇంగ్లీషుది కాదు. జాన్ ఎలియట్ అనే పాదరీ, మూలవాసుల సాయంతో మసాచుసెట్ భాషలోకి తెచ్చిన బైబిలు అది. 1663లో కేంబ్రిడ్జిలో పూర్తయింది. టైపు పేర్చినవాళ్లలో నిప్‌మక్ తెగ యువకుడు వావౌస్ ఉన్నాడు. అచ్చుపనే వృత్తి కావడంతో అందరూ ఆయన్ను జేమ్స్ ప్రింటర్ అన్నారు. 1675లో వలసవాళ్లకూ మూలవాసులకూ భీకర యుద్ధం వచ్చినప్పుడు ఆయన తనవాళ్ల వైపు వెళ్లాడు. యుద్ధం ముగిశాక తిరిగొచ్చి, 1685 నాటి రెండో ముద్రణకూ పనిచేశాడు.

మూలవాసుల మతం మార్చడానికి వేసిన పుస్తకం అది. వాళ్ల భూమీ బతుకూ లాక్కున్న కాలంలో వేసిన పుస్తకం. ఆ సంగతి మరుగున పెట్టకూడదు. అయితే ఆ భాష మాట్లాడేవాళ్లు లేకుండా పోయి వందేళ్లు దాటాక, వాంపనోగ్ తెగకు చెందిన జెస్సీ లిటిల్ డో బేర్డ్ 1990ల్లో తన పూర్వీకుల భాషను తిరిగి నిలబెట్టే పని మొదలుపెట్టినప్పుడు, ఆ బైబిలు, పాత భూమి పత్రాలు, మూలవాసులు తమ భాషలోనే రాసుకున్న ఉత్తరాలు ఆధారమయ్యాయి. ఎం.ఐ.టి.లో భాషాశాస్త్రం చదివి ఆమె వ్యాకరణం, నిఘంటువు పని చేపట్టింది. 2010లో మకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. ఇప్పుడు పిల్లలు ఆ భాష నేర్చుకుంటున్నారు.

బేస్‌బాల్ తొలి ప్రస్తావన బొమ్మల పుస్తకంలో

లండన్‌లో జాన్ న్యూబెరీ 1744లో వేసిన చిన్న పిల్లల పుస్తకాన్ని థామస్ 1787లో వూస్టర్‌లో తిరిగి అచ్చేశాడు. అందులో అక్షరానికో ఆట. ఒక పేజీలో బేస్‌బాల్ పేరు, పిల్లలు ఆడుతున్న బొమ్మ ఉన్నాయి. అమెరికా జాతీయ క్రీడ పేరు ఆ దేశపు అచ్చులో కనిపించిన తొలి చోట్లలో ఇదొకటి. పిల్లల పుస్తకాలు మిగలడం ఎంత కష్టమో ఇంట్లో పిల్లలున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ప్రకటనల్లో దొరికిన మనుషులు

సొసైటీ దగ్గరున్న పాత పత్రికల సంచికలు 20 లక్షల పైమాటే. వాటిలో అన్నిటికన్నా గుండె బరువెక్కించేవి వార్తలు కావు, చిన్న ప్రకటనలు. పారిపోయిన బానిసను పట్టిస్తే బహుమతి ఇస్తామని యజమానులు వేయించినవి. పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు, వేసుకున్న బట్టలు, వచ్చిన పని, మాట్లాడే భాషలు, ఫిడేలు వాయిస్తాడా, చదవడం వచ్చా... అన్నీ రాసేవాళ్లు. పట్టుకోవడానికి రాశారు. కానీ ఆ మనుషుల్లో చాలామంది గురించి లోకంలో మిగిలింది ఆ నాలుగు వాక్యాలే. ఎవరి మీద కొరడా దెబ్బల గుర్తులున్నాయో, ఎవరు బిడ్డనెత్తుకుని పారిపోయారో అక్కడే ఉంది. చరిత్రకారులు ఇవాళ వాటిని ఒక్కొక్కటిగా పోగుచేసి, బానిసలుగా బతకడానికి ఒప్పుకోని మనుషుల చరిత్ర రాస్తున్నారు.

బానిసల అమ్మకం ప్రకటనల్లో వివరాలకు అచ్చాఫీసులో అడగండి అని ఉండేది. స్వేచ్ఛ గురించి సంపాదకీయాలు రాసిన పత్రికలే ఆ వ్యాపారంలో మధ్యవర్తులుగా డబ్బు చేసుకున్నాయి.

చింకి గుడ్డల మన్నిక

1780 నాటి పత్రిక తెల్లగా, మెత్తగా ఉంటుంది. 1880 నాటిది ముట్టుకుంటే పొడి అయిపోతుంది. కారణం ముడిసరుకు. పాత కాగితం నార, నూలు గుడ్డ పేలికలతో చేసేవాళ్లు. గుడ్డలు దొరక్క మిల్లులు ఆగిపోయేవి. ఇంటి ఆడవాళ్లూ, చింకిపాతలు పారేయకండి, దాచి మాకివ్వండి అని పత్రికలే ప్రకటనలు వేసేవి. థామస్‌కూ 1790ల్లో సొంత కాగితం మిల్లు ఉండేది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో చెక్కగుజ్జు కాగితం వచ్చింది. చవక. అందులోని ఆమ్లం దాన్నే లోపల్నుంచి తినేస్తుంది. అందుకే కొత్త పత్రికలను కాపాడటం పాతవాటికన్నా కష్టం.

జాబితాలకే జీవితాలు

చార్లెస్ ఎవాన్స్ అనే గ్రంథపాలకుడు అమెరికాలో 1820 దాకా అచ్చయిన ప్రతిదానికీ ఒంటిచేత్తో జాబితా రాయాలని సంకల్పించాడు. 1903లో మొదటి సంపుటం వచ్చింది. పన్నెండు సంపుటాలు, 1799లో ‘ఎం’ అక్షరం దాకా వచ్చి, 1935లో కన్నుమూశాడు. మిగిలిన భాగాన్ని 1800 దాకా పూర్తి చేసి 1955లో వెలువరించింది యాంటిక్వేరియన్ సొసైటీకి చెందిన క్లిఫర్డ్ షిప్టన్. ఆ పాత పుస్తకాలను ఇప్పటికీ ‘ఎవాన్స్ నంబరు’తోనే గుర్తిస్తారు.

ఇంకొకాయన క్లారెన్స్ బ్రిగమ్. 1908 నుంచి యాభై ఏళ్లు ఈ గ్రంథాలయాన్ని నడిపాడు. 1690 నుంచి 1820 దాకా వచ్చిన రెండు వేలకు పైగా పత్రికల్లో ఏ సంచిక ఏ ఊళ్లో, ఎవరి దగ్గర ఉందో వెతికి 1947లో పుస్తకం వేశాడు. 1640, 1821 మధ్య ఆ దేశంలో అచ్చయినట్టు తెలిసినవాటిలో మూడింట రెండొంతులు ఈ గ్రంథాలయంలో ఉన్నాయంటే, వెనక ఇలాంటి మనుషులున్నారు.

నవలా రచయిత్రి, ఆలస్యంగా వచ్చిన సభ్యత్వం

వూస్టర్‌కే చెందిన ఎస్తర్ ఫోర్బ్స్ ఇక్కడ పరిశోధన చేసి రాసిన పాల్ రివేర్ జీవిత చరిత్రకు 1943లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అయినా సొసైటీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకున్నది 1960లో. అప్పటిదాకా, అంటే 148 ఏళ్లు, ఆడవాళ్లెవరినీ ఎన్నుకోలేదు.

నెల్లూరు సంగతులు బోస్టన్ అచ్చులో

పాత అమెరికా పత్రికల్లో మన తీరం కూడా కనిపిస్తుంది. అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే సేలం, బోస్టన్ ఓడలు మన సముద్రాల్లోకి వచ్చాయి. మద్రాసు రుమాళ్లు వచ్చాయని ఆ ఊళ్ల వ్యాపారులు పత్రికల్లో ప్రకటించేవాళ్లు.

ఇంతకన్నా దగ్గరి సంబంధం మిషనరీ పత్రికలది. శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు 1836లో విశాఖపట్నం వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం లేదని 1853లో ఆల్బనీలో జరిగిన సభలో ఆ మిషన్‌ను మూసేద్దామన్న మాట వచ్చింది. పటం మీద నెల్లూరు ఒక్కటే ఒంటరి చుక్కలా ఉందని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ రాత్రికి రాత్రే పద్యం కట్టాడు. మర్నాడు అది చదివాక మిషన్ నిలిచింది. అమెరికన్లు నేటికీ పాడుకునే ‘అమెరికా’ అనే దేశభక్తి గీతం రాసిన స్మిత్ ఈయనే. తర్వాత ఒంగోలులో పనిచేసిన జాన్ క్లౌ, 1876-78 కరవు కాలంలో బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించాడు. ఈ మిషన్ నివేదికలు, ఉత్తరాలు బోస్టన్‌లో నెలనెలా అచ్చయ్యేవి. వాటిని మిషనరీ కళ్లతో రాసినవని గుర్తుంచుకుని చదవాలి. అయినా పందొమ్మిదో శతాబ్దపు నెల్లూరు, ఒంగోలు పల్లెల గురించి, మాల మాదిగ కుటుంబాల బతుకుల గురించి మన దగ్గర లేని వివరాలు వాటిలో ఉన్నాయి.

వెళ్లేవాళ్లకు

పుస్తకం ఇంటికివ్వరు. గదిలో కూర్చుని, పెన్ను పక్కనపెట్టి, పెన్సిలుతోనే రాసుకోవాలి. పరిశోధన కోసం వచ్చేవాళ్ల దగ్గర రుసుము తీసుకోరు. పండితులకే కాక కవులకు, నవలాకారులకు, చిత్రకారులకు కూడా ఇక్కడ పని చేసుకోవడానికి ఫెలోషిప్పులిస్తారు. 2013 సంవత్సరానికి అమెరికా ప్రభుత్వం ఈ సంస్థకు నేషనల్ హ్యుమానిటీస్ మెడల్ ఇచ్చింది. వీధి పాటల మూడు సంపుటాలను బొమ్మలతో సహా ఇంట్లో కూర్చుని కంప్యూటర్ తెర మీద ఉచితంగా చూడొచ్చు. బోస్టన్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్లకు వూస్టర్ గంటా గంటన్నర ప్రయాణం. అమెరికా నుంచి వచ్చిన తెలుగు మిషన్ల మీద పనిచేసే మన విద్యార్థులు, అక్కడి కేటలాగులో నెల్లూరు, ఒంగోలు పేర్లు పాత ఇంగ్లీషు వర్ణక్రమంతో కూడా వెతకాలి.